ఈనస్ చోట్లో ఇంకొకడు

వాల్నట్ ఫోర్క్‌లో క్వేకర్లనే మా క్రైస్తవుల ప్రార్థన ఇంటిని ప్రతి శనివారం ఆసెనత్ తుడిచేది. మగవాళ్ళ వైపు తొమ్మిది బల్లలు, ఆడవాళ్ళ వైపు తొమ్మిది. పాస్టరు లేడు, పాట లేదు. ఆదివారం అందరూ గంటన్నర మౌనంగా కూర్చునేవారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పేవారు. చనిపోయినవాళ్ళ చోట్లు మాత్రం ఎప్పటికీ వెచ్చగా ఉండేవి. అందుకే మోకాళ్ళ నొప్పులవాళ్ళు రేచల్ అవ్వ చోటుకి పోటీపడేవారు.

1863 డిసెంబర్లో నాలుగో బల్ల చివర ఆసెనత్ చెయ్యి ఆగిపోయింది. అది తమ్ముడు ఈనస్ చోటు. వెచ్చగా ఉంది.

ఏడాది కిందట ఈనస్ ఉత్తరాది సైన్యంలో చేరి, దక్షిణాదితో యుద్ధానికి వెళ్ళాడు. బానిసలు విడుదల కావాలని ఊరందరికీ ఉంది గాని, మావాళ్ళు తుపాకి పట్టకూడదు. సంఘం పుస్తకంలో అతని పేరు కొట్టేశారు. ఆసెనత్ ఆ బల్ల మీద తల పెట్టి చీకటి పడేదాకా ఏడ్చింది.

యుద్ధం ముగిశాక, జూన్లో, ఈనస్ నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆసెనత్ చెవి పట్టి లాగి చూసింది, మనిషేనా అని.

"నా కోటేదక్కా?"

"చచ్చావనుకుని నా పిల్లలకి లాగులు కుట్టేశాన్రా!"

మర్నాడే సంఘం పెద్ద బర్జిలాయ్ క్షమాపణ రాసిన ఒక కాగితం తెచ్చాడు. మావాళ్ళలో గారూ, అండీ లేవు. గవర్నరునైనా నువ్వనే అంటాం.

"యుద్ధానికి వెళ్ళడం తప్పని సంతకం పెట్టు ఈనస్. నీ పేరు మళ్ళీ ఎక్కిస్తాం."

"వెళ్ళినందుకు నాకు చింత లేదు బర్జిలాయ్. అబద్ధానికి సంతకం ఎలా పెట్టను?"

"అయితే పేరెక్కదు. ప్రార్థనకి రా, ఎవరూ కాదనరు."

ఈనస్ వచ్చాడు. తన చోట కూర్చోబోయి, నిప్పు తగిలినట్టు లేచాడు. ఆ రోజంతా గోడకానుకుని నిలబడ్డాడు. ఆ పై వారం, ఆ పై వారం కూడా అంతే. చివరికి బర్జిలాయే విసుక్కున్నాడు.

"మమ్మల్ని సాధించడానికా ఆ నిలబడటం?"

"అక్కడ మనిషున్నాడు."

"ఎవరు?"

"హోజియా టాకెట్. ఎదుటి సైన్యంలో కెంటకీవాడు. వాగు దాటుతుంటే నేనే కాల్చాను, అరవైమూడు డిసెంబర్లో. జేబులో వాళ్ళమ్మ ఉత్తరం ఉంది."

బర్జిలాయ్ బల్ల మీద అరచెయ్యి ఆనించి ఆ వెచ్చదనం చూశాడు.

"ఆ తల్లికి తెలుసా?"

ఈనస్ తల దించుకున్నాడు. "రాయబోతే చెయ్యాడలేదు."

బర్జిలాయ్ జేబులోంచి ఆ క్షమాపణ కాగితం తీసి, వెనక్కి తిప్పి చేతిలో పెట్టాడు. "ఇటువైపు ఖాళీయే. మాకొద్దు, ఆవిడకి రాయి. చంపింది నువ్వేనని కూడా."

ఈనస్ రాశాడు, హోజియా కూర్చున్న చోటు సంగతి కూడా. జవాబు రాలేదు. అక్టోబరులో ఒక ఆదివారం, అందరూ మౌనంలో ఉండగా, బయట గాడిదబండి ఆగింది. నల్ల ముసుగేసుకున్న ఒక బక్క ముసలమ్మ లోపలికొచ్చి, "నేను డ్రుసిల్లా టాకెట్‌ని. నా కొడుకెక్కడ?" అంది.

ఈనస్ నాలుగో బల్ల చివర చూపించాడు. మగవాళ్ళ వైపు ఆడమనిషి కూర్చోవడం అంతవరకూ లేదు. ఆ బల్లవాళ్ళు జరిగి దారిచ్చారు. ఆవిడ కూర్చుని, చెక్కని రెండు చేతులా నిమిరింది.

"మా గుడిలో పాడతాం. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు."

"అయితే పాడు," అన్నాడు బర్జిలాయ్.

బొంగురు గొంతుతో ఏదో జోలపాట పాడింది. ఆ గోడలు విన్న మొదటి పాట అదే. పాట అయ్యాక ఈనస్ వైపు తిరిగింది.

"నిన్ను క్షమించానో లేదో నాకింకా తెలీదు. తొమ్మిదెకరాల మొక్కజొన్న చేలో ఎండిపోతోంది. కోసే చెయ్యి లేదు. వస్తావా?"

"వస్తాను."

మావాళ్ళెవరైనా దూరం వెళ్తుంటే, ఇతను మా మనిషి, ఆదరించండి అని సంఘం ఒక పత్రం రాసిస్తుంది. సభ్యులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. బర్జిలాయ్ పుస్తకం తెరిచి, ఈనస్ ప్రయాణానికి పత్రం ఇవ్వడం అందరికీ సమ్మతమేనా అని అడిగాడు. సమ్మతమేనన్నారు; పేరు కొట్టేసిన సంగతి ఒక్కరూ గుర్తుచెయ్యలేదు.