ఖాళీగా వదిలిన అంకె

అడిగేవాని నోట మాట పూర్తి కాకమునుపే ఆలకించి, ఎంత కావాలో లెక్క చెప్పమనని శ్రీహరికి నమస్కరించి, లెక్క చెప్పనిదే ఆలకించని కొలువు ముందు నిలిచిన ఒక తల్లి కథ చెబుతున్నాను.

అమెరికాలో కాన్సస్ గోధుమ పొలాల నడుమ, మెనొనైటు క్రైస్తవ సంఘంవారి ఊళ్ళో, టీనా ఉన్రూ అనే వితంతువు తన ఒక్కగానొక్క కొడుకు హార్వీతో ఉండేది. ఆ సంఘంవారు తుపాకి పట్టరు, ఒట్టు వేయరు, కోర్టుకెక్కరు. అటువంటి ఇంటి బిడ్డ ట్రాక్టరు మీద పొలం నుంచి వస్తుండగా, ఆగవలసిన కూడలిలో ఆగని సైన్యపు లారీ వచ్చి గుద్దింది. ఇరవైమూడేళ్ళ హార్వీకి నడుము నుంచి కిందికి స్పర్శ పోయింది.

ఆరు నెలలకు సైన్యం వారి పరిహారపు ఫారం వచ్చింది. ఇది దావా కాదు, అర్జీ మాత్రమే గనక నింపవచ్చునని సంఘం పెద్ద హైన్రిచ్ పాంక్రాట్జ్ సెలవిచ్చాడు. వంటింటి బల్ల దగ్గర ఆయన చదువుతుంటే టీనా రాసింది. తేదీ, కూడలి, గాయాలు అన్నీ సాఫీగా సాగాయి. చివరి గడి దగ్గర కలం ఆగింది. ఎంత మొత్తం కోరుతున్నారు?

"ఎంతని రాయను పెద్దయ్యగారూ?"

చక్రాల కుర్చీలోంచి హార్వీ అందుకున్నాడు. "ఒట్టిపోయిన ఆవుకైతే నాన్న చప్పున చెప్పేవాడమ్మా. నాకు పళ్ళన్నీ ఉన్నాయి, అది కూడా రాయి."

"నువ్వు నోరు మూసుకో," అంది టీనా నవ్వాపుకుంటూ.

పాంక్రాట్జ్ నవ్వలేదు. "బిడ్డ నడుముకి బేరం పెట్టకు చెల్లెమ్మా. జరిగింది చెబుదాం. ఇచ్చేది వాళ్ళ మనసుకి వదిలేద్దాం. మనలో ఎవరైనా, సాయం ఇంతని అడిగారా ఎప్పుడైనా?"

అది నిజమే. ఆ ఊళ్ళో కొట్టాం తగలబడితే యజమాని నోరు తెరవడు. తెల్లవారేసరికి సుత్తులు పట్టుకుని నలభైమంది వస్తారు. హార్వీ ఆసుపత్రి ఖర్చు కూడా అలాగే సంఘం తీర్చేసింది. టీనా ఆ గడిలో గుండ్రని అక్షరాలతో, "మీకు న్యాయమని తోచినంత" అని రాసింది.

అర్జీ అందింది, పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని గోడగడియారం వెనక దాచి ఆమె ఎదురుచూసింది. పుండ్లు పడకుండా హార్వీని మూడేసి గంటలకొకసారి పక్కకు తిప్పాలి. తిప్పి తిప్పి ఆమె కుడి భుజం దెబ్బతింది. ఎత్తే యంత్రమూ, ఒక నర్సూ ఉంటేనే అతడు ఇంట్లో ఉండగలడు. ఆసుపత్రి ఖర్చుకే ఖాళీ అయిన సంఘం ఆ జీవితకాలపు ఖర్చు మోయలేదు. లేకపోతే నలభై మైళ్ళ అవతల కౌంటీ ప్రభుత్వపు రోగుల ఆశ్రమానికి పోవాలి. పరిహారం మీద ఆమె ఆశ అంతా అదొక్కటే.

ప్రమాదం జరిగిన రెండేళ్ళ పన్నెండు రోజులకు రెండో ఉత్తరం వచ్చింది. మొత్తం పేర్కొననందున అర్జీ పెట్టనట్లే భావిస్తున్నామని అందులో ఉంది. ఆ పూటే పాంక్రాట్జ్ ఆమెను కారులో లాయరు వెర్నన్ యాన్జెన్ దగ్గరికి తీసుకుపోయాడు. వకీలు పని కోసం సంఘం విడిచిన వెర్నన్‌తో ఆయన మాట్లాడి పదకొండేళ్ళయింది.

వెర్నన్ ఫారం నకలు రెండుసార్లు చదివాడు. "ఇది అర్జీ కాదు పిన్నీ, ప్రార్థన."

"తేడా ఏంటి నాయనా?"

"ప్రార్థన వినేవాడికి మన అవసరం తెలుసు. వీళ్ళకి అంకె కావాలి. ప్రభుత్వం తన మీద దావా వేయనిస్తానని తానై ఒప్పుకుంటేనే మనం వేయగలం. ఒప్పుకుంటూ పెట్టిన షరతు ఇది. రెండేళ్ళలోపు, ఇంత కావాలని రాసి అడగాలి. రాయకపోతే అడగనట్టే."

"అయితే ఇప్పుడు రాస్తా. ఇలా తే."

"పన్నెండు రోజులు దాటిపోయింది పిన్నీ."

"లారీ ఆగలేదని వాళ్ళే ఒప్పుకున్నారుగా?" అన్నాడు పాంక్రాట్జ్.

"లారీ సంగతి ఎవరూ వాదించరు పెద్దయ్యగారూ. పదకొండేళ్ళకి నా గుమ్మం తొక్కారు. ఒక్క నెల ముందు తొక్కాల్సింది."

ఆయన టోపీ తిప్పుకుంటూ నేల చూశాడు.

అయినా పెద్దయ్య అడ్డు చెప్పకపోవడంతో వెర్నన్ రుసుము లేకుండా దావా వేశాడు. విచారణనాడు పాంక్రాట్జ్ జీవితంలో మొదటిసారి కోర్టు బల్ల మీద కూర్చున్నాడు. జడ్జి ఒకటే అడిగాడు. ఆ అర్జీలో ఎక్కడైనా ఒక అంకె ఉందా? పోనీ, కూడి చూసుకోవడానికి ఆసుపత్రి బిల్లులైనా జతచేశారా?

"లేదండీ. సంఘం కట్టేసింది గనక బిల్లులు పంపలేదు," అన్నాడు వెర్నన్.

జడ్జి కాగితాలు పక్కన పెట్టి టీనా వైపు తిరిగాడు. "అమ్మా, మీవాడికి అన్యాయం జరగలేదని నేననడం లేదు. జరిగిందని చెప్పే అధికారం కూడా నాకు లేదు. ఈ కేసు వినే హక్కే చట్టం నాకివ్వలేదు."

పావుగంటలో అయిపోయింది.

నవంబరులో ఆశ్రమం వాళ్ళ వ్యాను వచ్చింది. టీనా వేకువనే లేచి, ఒకదానిపై ఒకటి నిలబెట్టి కాల్చే జ్వీబాక్ రొట్టెలు చేసి గుడ్డలో మూటగట్టింది. పాంక్రాట్జ్ టోపీ చేతబట్టుకుని వాకిట నిలుచున్నాడు.

"చెల్లెమ్మా, ఆ రోజు నేను..."

"కలం నా చేతిలోనే ఉందిగా," అంది టీనా.

ఆశ్రమం ఉద్యోగిని ఒక ఫారం ఇచ్చింది. చివర ఒక గడి. నెలకు ఎంత చెల్లించగలరు?

"తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, తర్వాత చూసుకుందాం," అందామె దయగా.

టీనా కూర్చుంది. నొప్పెడుతున్న భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని నలభై డాలర్లని అంకెల్లో వేసింది. దాని కింద అక్షరాల్లోనూ రాసింది. తేదీ వేసి, అంకెను మరొకసారి దిద్దింది.

"చూశావా అమ్మా, చివరికి ధర పలికాను," అన్నాడు హార్వీ.

ఈసారి ఆమె నోరు మూసుకోమనలేదు. దుప్పటి అతని కాళ్ళ చుట్టూ సర్ది, రొట్టెల మూట ఒళ్ళో పెట్టింది.

ఈ కథ విన్నవారి మొర వినగలవారి చెవిన పడుగాక. వారి ఇంట మంచం పట్టినవారిని పక్కకు తిప్పే చెయ్యి ఎన్నడూ కరువు కాకుండుగాక.