డియోలిండా వంటింటి బల్ల

శుక్రవారం వస్తే డియోలిండా మెడైరోస్ ఆకుకూర సూపు కాస్తుంది. బంగాళాదుంపలు ఉడికించి మెదుపుతుంది, కేల్ ఆకుల్ని దారప్పోగుల్లా తరుగుతుంది, సాసేజ్ ముక్కలు నాలుగు వేస్తుంది. కర్టెన్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కుట్టుపని చేసిన చేతులు కాబట్టి ఏ ముక్కా ఎగుడుదిగుడుగా ఉండదు. అంత శ్రద్ధగా కాచిన సూపుని మాత్రం గిన్నెల్లో సగానికే పోస్తుంది. పిసినారితనం కాదు, బల్ల అలాంటిది.

ఆ బల్ల చేసింది ఆమె తండ్రి. ఫాల్ రివర్ ఊళ్ళో బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, తను పనిచేసిన మిల్లు బయట పారేసిన గుడ్డలు కత్తిరించే బల్లని విడదీసి, ఆ చెక్కలు మూడంతస్తులు మోసుకొచ్చి వంటింట్లో కిటికీ పక్కన మళ్ళీ బల్లగా బిగించాడు. ఆ వంటింట్లో ఎవరు అబద్ధం చెప్పినా బల్ల వాళ్ళ వైపుకి ఒరిగేది. చిన్న అబద్ధానికి వేలెడు, పెద్దదానికి జానెడు. ఆయన తిట్టుకుంటూ అంచుల వెంట చెక్క బద్దలు కొట్టాడు, గిన్నెలు జారి పడకుండా. అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యలేదు. కొన్ని ఇళ్ళలో పైకప్పు కారుతుంది, కొన్ని ఇళ్ళలో బల్ల ఒరుగుతుంది.

రెండో అంతస్తు ఇర్మా, మొగుడు ఆలస్యంగా ఇల్లు చేరిన రోజున, "పైన ఒక్క కాఫీ తాగొద్దాం పద" అని అతన్ని లాక్కొచ్చేది. చర్చి ఫాదర్ ఒకసారి సూపు అద్భుతంగా ఉందన్నాడు. చెంచా ఆయన ఒళ్ళో పడింది. డియోలిండా పై వారం నుంచి ఉప్పు తగ్గించింది. రోజూ దొర్లే చిన్న చిన్న అబద్ధాలకి రొట్టె ఉండేది. బల్ల వేలెడు ఒరిగితే రొట్టె అంచు తుంచి గిన్నె కింద దోపి, సూపు సమంగా చేసుకుని తినేవాళ్ళు.

ఆ ఇంట్లో బల్ల దగ్గర కూర్చోకుండా తినేది ఒక్క నెల్సన్. డియోలిండా కొడుకు, ఇరవై ఏడేళ్ళవాడు, బేకరీలో పని. ఎనిమిదేళ్ళుగా గిన్నె చేత్తో పట్టుకుని, అంట్లు తోమే తొట్టి దగ్గర నిలబడి తింటున్నాడు. అతని కుర్చీ మీద ఉతికిన బట్టల బుట్ట ఉంటుంది.

అతని అక్క లుసిండా. ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసులు అందుకున్నవాళ్ళకి ఉచితంగా సాయం చేసే లాయర్ల ఆఫీసులో గుమాస్తా. ఏడుస్తూ వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని వివరాలు రాసుకుంటుంది, కాగితాలు తయారు చేస్తుంది, కోర్టుకి ఫైళ్ళు మోస్తుంది. కోర్టు హాల్లో జనానికీ లాయర్లకీ మధ్య నడుమెత్తు చెక్క అడ్డు ఉంటుంది. అక్కడిదాకానే లుసిండా వెళ్ళగలిగేది. తను రాసిన వాదనని అడ్డుకి అవతల ఇంకొకరు, సగం మర్చిపోయి, నసుగుతూ చెబుతుంటే ఇవతల ఫైలు పట్టుకుని నిలబడాలి. ఆ అడ్డు దాటాలి, అంతే. ఆమెకి జీవితంలో కావలసింది అదొక్కటే.

దానికి లా స్కూల్ కావాలి. లా స్కూల్‌కి ప్రవేశపరీక్ష కావాలి. మూడేళ్ళు ఆ బల్ల మీదే చదివింది. ఒక్కో భాగానికి ముప్ఫై అయిదు నిమిషాలు. డియోలిండా కోడిగుడ్లు ఉడికించే గడియారం తిప్పి పెట్టి, కూతురికి శబ్దం తగలకుండా కొయ్య గరిటెతో, ఊపిరి బిగబట్టి వండేది.

"ఆ బల్ల ఉండగా నీకేంటే లూసీ? తప్పు జవాబు పైకి చదివితే అదే ఒరుగుతుందిగా," అంది ఇర్మా ఒకరోజు.

"ఒరగదు. నేను నిజమనుకునే కదా తప్పు రాసేది."

నిజమే, తప్పులతో ఆ బల్లకి పేచీ లేదు. లుసిండా తప్పుల మీద తప్పులు రాస్తున్నా నిమ్మకి నీరెత్తినట్టు ఉండేది. మొదటిసారి నూట ఎనభైకి నూట నలభై తొమ్మిది వచ్చింది. రెండోసారి నూట యాభై ఆరు. మూడోసారి నూట అరవై మూడు వస్తే డియోలిండా వీధి చివరి దాకా వెళ్ళి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పొచ్చింది.

అసలు చిక్కు పరీక్షలో లేదు, దరఖాస్తులో ఉంది. 'మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా? అయితే వివరించండి' అని ప్రతి కాలేజీ అడుగుతుంది.

అయింది. ఎనిమిదేళ్ళ కిందట అక్కాతమ్ముడూ వెళ్తున్న కారుని పోలీసులు ఆపారు. సీటు కింద మత్తు బిళ్ళలు దొరికాయి. అవి నెల్సన్‌వి. అప్పటికే వాడి మీద ఒక కేసు ఉంది, ఇంకొకటి పడితే నేరుగా జైలే. లుసిండా మీద ట్రాఫిక్ జరిమానా కూడా లేదు. ఆలోచించడానికి టైమెక్కడిది? "అవి నావి" అంది. కోర్టులోనూ అదే చెప్పి, నేరం ఒప్పుకుని, ఏడాది పాటు నెలనెలా వెళ్ళి సంతకం పెట్టింది. కోర్టు బల్లలు ఏవీ కదల్లేదు. ఇంటికొచ్చి తల్లితో అదే మాట అంటే ఈ బల్ల అవతలి వైపు జానెడు లేచి, వేడి సూపంతా ఆమె ఒళ్ళో పోసింది. తొడ మీద మచ్చ ఇంకా ఉంది. డియోలిండా ఏమీ అడగలేదు. కాలిన చోట చల్లటి నీళ్ళు పోసి, గుడ్డ కట్టింది. ఆ మర్నాటి నుంచే నెల్సన్ తొట్టి దగ్గరికి మారాడు. మత్తు మానేశాడు. ఆ సంగతి మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆఫీసులో పెద్ద లాయరు కాస్టిగన్‌కి మాత్రమే లుసిండా నిజం చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెయ్యలేదని రాశావనుకో, మరి కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావంటారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అంటారు. ఈ అడ్మిషన్ల వాళ్ళకి నేరం ఒప్పుకున్న అమాయకులంటే భయం తల్లీ. పశ్చాత్తాపపడే దొంగలంటే మహా ముద్దు."

"అయితే ఏం రాయమంటారు?"

"నేను రాయమని చెప్పకూడదు. నువ్వేం రాస్తావో నాకు తెలుసు."

ఇంట్లో రాయబోతే బల్ల ఒరిగి కంప్యూటర్ ఒళ్ళోకి జారింది. అందుకని లైబ్రరీకి వెళ్ళి రాసింది. 'ఆ బిళ్ళలు నావే. సిగ్గుపడుతున్నాను. మారాను.' కింద, పైదంతా నిజమని సంతకం. ఆరు కాలేజీలకి పంపింది. మార్చిలో మూడు కాదన్నాయి, ఏప్రిల్‌లో రెండు. ఆరోది వెయిటింగ్ లిస్టులో పెట్టింది. ఏప్రిల్, మే గడిచాయి. 'ఇంకా మీ కాలేజీలోనే చేరాలని ఉంది' అంటూ పది రోజులకోసారి మర్యాదగా ఉత్తరం రాసేది. స్నానానికి వెళ్ళినా ఫోన్ గుమ్మం దగ్గర పెట్టుకునేది. మనిషి సగమైంది.

జూన్‌లో ఒక సీటు ఖాళీ అయిందనీ, శుక్రవారం సాయంత్రం ఆరింటికి కాలేజీ డీన్ ఫోన్‌లో మాట్లాడతారనీ కబురొచ్చింది. ఆ మూడో అంతస్తులో ఫోన్ పలికేది వంటింటి కిటికీ దగ్గరే. అక్కడైతే బల్ల ఊరుకోదు కాబట్టి అయిదూ ముప్పావుకి చర్చి పక్క స్థలానికి వెళ్ళి, చెట్టు కింద నిలబడి మాట్లాడాలనుకుంది. చెప్పాల్సింది కంఠతా పట్టింది. అయిదున్నరకి రెండు ముద్దలు తిని వెళ్ళమని డియోలిండా కూర్చోబెట్టింది. సూపు పోసిందో లేదో ఫోన్ మోగింది.

"ముందే చేస్తున్నాను, ఏమనుకోకండి," అంది డీన్. సౌమ్యమైన గొంతు. "ఇప్పుడు వీలవుతుందా?"

మెట్ల మీదికి వెళ్తే ఫోన్ తెగిపోతుంది. తెగితే ఆ సీటు లిస్టులో తర్వాతివాళ్ళకి పోతుందేమోనని లుసిండాకి భయం. తల్లి వంక చూసింది. డియోలిండా తల ఊపింది.

"వీలవుతుంది," అంది లుసిండా.

మొదట అన్నీ తేలిక ప్రశ్నలే. లాయరు ఎందుకు కావాలి అంటే చెక్క అడ్డు గురించి చెప్పింది. డీన్ నవ్వింది. "మీలాంటివాళ్ళు మాకు కావాలి" అంది. బల్ల కదలకుండా ఉంది. డియోలిండా కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటే మిగిలింది. ఆ పాత కేసు. మీరు రాసింది చదివాను. కమిటీకి చెప్పాలి కాబట్టి మీ నోటితో ఒకసారి చెప్పండి."

లుసిండా కళ్ళు మూసుకుంది. డియోలిండా గబుక్కున రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఒళ్ళంతా మోపి అదిమి పట్టింది. ముప్ఫై ఏళ్ళు మోపుల కొద్దీ గుడ్డ ఎత్తిన మనిషి.

"ఆ బిళ్ళలు..." అంది లుసిండా. "అవి నావే."

బల్ల ఒక్క గుంజు గుంజింది. డియోలిండా పళ్ళ బిగువున పట్టుకుంది కానీ ఆవిడ మడమలు నేల మీంచి లేచాయి. తొట్టి దగ్గర తింటున్న నెల్సన్ గిన్నె వదిలి ఒక్క అంగలో వచ్చి రెండో పక్కన చేతులు మోపాడు. తల్లీ కొడుకూ, బస్తాలు మోసేవాళ్ళలా ముఖాలు ఎర్రబడి, ఆ అబద్ధం సాఫీగా సాగిపోయేలా బల్లని అదుముతున్నారు.

"నాకప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. చెడు సావాసాలు..."

మేకులు కిర్రుమన్నాయి. గిన్నెలో సూపు పొంగి నెల్సన్ చేతుల మీద పడింది. వాడు చెయ్యి తియ్యలేదు. కానీ అక్క ముఖం చూశాడు. ఎనిమిదేళ్ళుగా తొట్టి దగ్గర నిలబడి ఆమె వీపే చూశాడు. ఇంత దగ్గరగా ముఖం చూడలేదు.

"నావి," అన్నాడు గట్టిగా. "ఆ బిళ్ళలు నావి. మా అక్కకి వాటి పేరు కూడా తెలీదు."

బల్ల కాళ్ళు దబ్బున దిగి నేలకి ఆనాయి. కింద అంతస్తులో ఇర్మా కుక్క మొరిగింది.

"మిస్ మెడైరోస్?" అంది డీన్. "ఎవరు మాట్లాడింది?"

రేడియో అనొచ్చు. పక్కింటి పిచ్చివాడు అనొచ్చు. డియోలిండా ఇంకా బల్ల వదల్లేదు. 'చెప్పు, నేను పట్టుకుంటాను' అన్నట్టు కూతురి వంక చూస్తోంది. లుసిండాకి ఆ చేతులు కనిపించాయి. వేళ్ళు తెల్లబడ్డాయి.

"మా తమ్ముడు," అంది.

"ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమే."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "నిజం చెప్పినందుకు థ్యాంక్స్," అంది డీన్ చివరికి. ఆమె గొంతు నిజంగానే బాధగా ఉంది. "కానీ మీరు సంతకం పెట్టిన కాగితం నా ముందుంది. నేను దీన్ని చూడనట్టు ఉండలేను."

రెండు వారాలకి పల్చటి కవరు వచ్చింది. దరఖాస్తులో అసత్యం ఉన్నందువల్ల తిరస్కరించాం అని ఉంది. కాస్టిగన్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"వచ్చే ఏడు ఇంకోచోట..." అంది లుసిండా.

"ఇలా తిరస్కరించారా అని అక్కడా అడుగుతారమ్మా. అవునని రాయాలి. లైసెన్సు ఇచ్చే లాయర్ల బోర్డు కూడా అడుగుతుంది." ఆయన కవరు మడిచి ఇచ్చాడు. ఎప్పుడూ వేళాకోళం ఆడే మనిషి, ఆరోజు కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం లుసిండా మామూలుగానే ఫైళ్ళు పట్టుకుని కోర్టుకి వెళ్ళింది. చెక్క అడ్డు దగ్గర నిలబడింది. ఎనిమిదేళ్ళు, మూడు పరీక్షలు, కాలిన తొడ, అన్నీ వృథా అనిపించింది. నిజం చెప్పాక కూడా గుండె తేలికపడలేదు. అలా తేలికపడుతుందని చెప్పినవాళ్ళందరి మీదా మండిపడింది.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రానికి డియోలిండా సూపు కాచింది, సగం సగం పోసింది. నెల్సన్ పని నుంచి వచ్చాడు. చేతుల మీద బొబ్బలు మాని ఎర్రటి మచ్చలయ్యాయి. తొట్టి వైపు రెండడుగులు వేసి ఆగాడు. తర్వాత కుర్చీ మీది బట్టల బుట్ట తీసి నేల మీద పెట్టి, కూర్చున్నాడు. ఆ కుర్చీకి వాడు పొడుగైపోయాడు. మోకాళ్ళు బల్లకి తగిలాయి.

 సూపు ఊదుకుంటూ వాడే అడిగాడు.

"అక్కా. నా మీద కోపంగా ఉందా?"

లుసిండా చెంచా సూపులో తిప్పింది.

"లేదురా," అంది.

ముగ్గురూ గిన్నెల వంక చూశారు. సూపు మెల్లగా, చాలా మెల్లగా, లుసిండా వైపు అంచు ఎక్కింది. వేలెడు, ఇంకొంచెం. అక్కడ ఆగింది.

నెల్సన్ లేవబోయాడు. చేతులు కుర్చీ మీద ఆనించాడు కూడా. మళ్ళీ కూర్చున్నాడు. రొట్టె దగ్గరికి లాక్కుని, మందంగా ఉన్న అంచు ముక్క తుంచి, అక్క గిన్నె కింద దోపాడు. చాల్లేదు. ఇంకో ముక్క తుంచి పెట్టాడు. సూపు సమమైంది.

"తినక్కా, చల్లారిపోతుంది," అన్నాడు.