జుట్టు కింది నంబరు

ఏ బొమ్మ చేతికొచ్చినా మాక్సిన్ ట్రోబ్రిడ్జ్ ముందు బోర్లా తిప్పుతుంది. మొహం సంగతి తర్వాత. మెడ వెనక గానీ వీపు మీద గానీ తయారుచేసినవాళ్ల గుర్తు ఉందా, లేదా? లేకపోతే ఆ బొమ్మకు అమ్మానాన్నలు లేనట్టే. పెన్సిల్వేనియాలోని ఆ ఊరి బొమ్మల సంఘంలో ఇరవై ఏళ్లుగా ఆవిడ మాటే శాసనం. ఇప్పుడు పాత బొమ్మల మీద పుస్తకం కూడా రాసింది. సోమవారం అది అచ్చుకు వెళ్తోంది.

ఆ శనివారం చర్చి కింది హాల్లో జరిగిన ప్రదర్శనకు వెర్నా హ్లవాటీ తెచ్చిన బొమ్మనూ అలాగే తిప్పి చూసింది. రంపపుపొట్టు, జిగురు కలిపి అచ్చుపోసిన కాంపోజిషన్ బొమ్మ అది. యాభై ఏళ్లనాటిది. ఒంటి మీద రంగు సన్నగా నెర్రెలిచ్చింది గానీ, మేక వెంట్రుకల జుట్టు మాత్రం ఫ్యాక్టరీలో అతికించింది అతికించినట్టే ఉంది.

"గుర్తు లేదు. ఎవరు చేశారో తెలీదు. పుస్తకంలో అలాగే వేస్తున్నా," అంది మాక్సిన్. "జుట్టు మాత్రం భలే ఉందమ్మాయ్. దాన్ని ముట్టుకోకు."

"ఇది హాస్కెట్ వాళ్లది," అంది వెర్నా. "ఈ ఊళ్లోనే చేశారు. కనురెప్పల వెంట్రుకలు కుంచెతో దిద్దింది మా అమ్మ."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. హాస్కెట్ ఫ్యాక్టరీ ఎప్పుడో తగలబడిపోయింది. సంతలో గురి కొట్టినవాళ్లకిచ్చే బోడిగుండు బొమ్మలు తప్ప అక్కడ ఇంకేమీ చెయ్యలేదని అందరూ అనుకునేదే. వెర్నా తల్లి లూద్మిలా మాత్రం, "వేల మొహాలకు కళ్లు తెరిపించాను," అంటూనే పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఈ నవ్వినవాళ్లలో సగంమంది ఆవిడ మొహం మీదే నవ్వినవాళ్లు. ఆ నవ్వు వెర్నా మరిచిపోలేదు. పుస్తకంలో హాస్కెట్ పేరు పడాల్సిందేనని పంతం పట్టింది.

"చూడండి, గీతలన్నీ లోపలికి వాలాయి. మా అమ్మది ఎడమచేతి వాటం."

"ఎడమచేతి వాటంవాళ్లు దేశమంతా ఉన్నారు."

హాస్కెట్ వాళ్లు తల్లికిచ్చిన ఇత్తడి బిళ్ల తీసి వెర్నా బల్ల మీద పెట్టింది. దాని మీద పదిహేడో నంబరు ఉంది.

"మీ అమ్మ అక్కడ పనిచేసిందని ఒప్పుకుంటా," అంది మాక్సిన్. "ఈ బొమ్మ అక్కడే పుట్టిందని ఈ బిళ్ల చెప్తుందా?"

చెప్పదు. మాక్సిన్ మాటలో న్యాయముంది, అందుకే వెర్నాకు ఒళ్లు మండింది.

ఒక్క సంగతి మాత్రం వెర్నాకు తెలుసు. కన్ను వంకరపోతే దిద్దినమ్మాయికే తిప్పి పంపాలి కదా, అందుకని జుట్టు అతికించకముందే బొమ్మ నడినెత్తి మీద ఎవరి నంబరు వాళ్లు పెన్సిలుతో వేసుకునేవాళ్లట. ఇలాంటి కళ్లే ఉండి జుట్టూడిన బొమ్మలు పదమూడింటిని వెర్నా వెతికి పట్టుకుంది. ఏం లాభం? కొత్త జుట్టు పెట్టడానికని సొంతదారులు పాత జిగురంతా అద్దంలా గీకిపారేశారు. జిగురుతో పాటు నంబరూ పోయింది. ఇక జుట్టున్న బొమ్మ దొరికితే, ఆ జుట్టు కదపడం ఈ సంఘంలో మహాపాపం. ఈ బొమ్మ దొరికి రెండు నెలలైనా వెర్నాకే చెయ్యాడలేదు.

ఇప్పుడు సంచీలోంచి పల్చటి కత్తి తీసింది.

"వెర్నా! నీకేమైనా మతిపోయిందా? సగం విలువ పోతుంది!"

"పోనివ్వండి. ఆ నవ్వు మా అమ్మను ఎంత ఏడిపించిందో మీకు తెలీదు."

నీళ్లు తగిలితే ఈ బొమ్మలు ఉబ్బి పాడవుతాయి కాబట్టి తడి పనికిరాదు. కత్తిమొన దూర్చి జిగురును పెళ్లుపెళ్లున, రవ్వంత రవ్వంతగా పగలగొడుతూ పోయింది. పావుగంట పట్టింది. నుదుటి దగ్గర చిన్న చిరుగు పడి, జుట్టు టోపీలా ఊడొచ్చింది.

నడినెత్తి మీద పెన్సిలు రాత. పదిహేడు. ఏడంకెకు నడుమ అడ్డగీత, అచ్చం లూద్మిలా తన వంటింటి డబ్బాల మీద వేసినట్టే.

"అమ్మా!" అని వెర్నా ఒక్క కేక పెట్టింది. ఏడుస్తూనే నవ్వింది. హాలంతా చప్పట్లు మోగాయి. ఇందాక నవ్వినవాళ్లే ఇంకా గట్టిగా కొట్టారు.

మాక్సిన్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. ప్రదర్శనకు తెచ్చిన తన అద్దాల బీరువా దగ్గరికి వెళ్లి, ఇలాంటి కళ్లే ఉన్న తన సొంత బొమ్మను తెచ్చింది. ముప్ఫై ఏళ్లుగా దాని జుట్టు మీద గాలి కూడా సోకనివ్వలేదు ఆవిడ.

"ఆ కత్తి ఇటివ్వు," అంది.

ఆవిడా అలాగే జిగురు పగలగొడుతూ పోయింది. జుట్టు లేచింది. కింద ఇరవై రెండు అని ఉంది.

"అది నేనే," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

అందరూ తిరిగి చూశారు. చర్చిలో ఏ కార్యక్రమమైనా కాఫీ పోసే ఓపల్ డీట్జ్, డెబ్బై అయిదేళ్ల ముసలావిడ, కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం ఓపల్?" అంది మాక్సిన్.

"అడిగితేగా! బొమ్మల మెడలు తిప్పితిప్పి చూస్తారు గానీ, కాఫీ పోసేదాని మొహం ఎప్పుడైనా చూశారా?" వెర్నా వైపు తిరిగింది. "మీ అమ్మ నా పక్క కుర్చీలోనే కూర్చునేది. ఎడమచేత్తో దిద్దుతూ రోజంతా నన్ను మోచేత్తో పొడిచేది. నా గౌన్ల నిండా రంగే! తర్వాత ఒక మగాడి గురించి కొట్టుకుని యాభై ఏళ్లు మాట్లాడుకోలేదు. అందుకే నా పేరు నీకు చెప్పుండదు. మాలో అందరికంటే బాగా దిద్దేది అదేనే పిల్లా. అది బతికుండగా ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

వెర్నా ఆవిడను వాటేసుకుంది. కాఫీ ఇద్దరి మీదా ఒలికింది.

మాక్సిన్ పుస్తకం కాగితాలు ముందుకు లాక్కుని, 'ఎవరు చేశారో తెలియదు' అన్నచోట అడ్డంగా కొట్టేసి 'హాస్కెట్' అని రాసింది. తన కుర్చీ ఓపల్‌కిచ్చి తాను నిలబడింది.

"ఒకటో నంబరు నుంచి ఒక్కొక్కరి పేరూ చెప్పండి. అందరివీ వేస్తాను."

"ఒకటో నంబరుది ఏం దిద్దేదిలే," అంది ఓపల్. "ముందు పదిహేడు రాయి."