స్పీకర్లు లేని తెర

పై వాటా వాళ్లు టీవీ మానేసి కంప్యూటర్ తెర కొన్నది ఊరికే కాదనీ, తెలంగాణ వచ్చేలోపు మూటాముల్లె సర్దుకుని పోయే ఆలోచనలో ఉన్నారనీ, టీవీ అయితే లారీలో పగులుతుంది గానీ ఆ పల్చటి తెరను చీరల మడతల్లో పెట్టుకుపోవచ్చనీ కిరాణా కొట్టు దగ్గర అనుకున్నారట. ఆ కబురు మోసుకొచ్చింది పక్క సందు మార్తమ్మ. ఆమె దవాఖానాలో నర్సు. పగటి డ్యూటీ దిగి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వస్తూ, మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న పుణ్యవతి దగ్గర ఆగింది.

"నేనిన్నది చెప్తున్న అక్కా. నా మాట గాదు."

"అక్కడ కమలమ్మ కూడా ఉందా?"

"ఉన్నదంట."

"ఆమె ఏమందట?"

"ఏమనలేదంట. ఉప్పు పాకెట్ తీస్కోని పోయిందంట."

అదే గుచ్చుకుంది పుణ్యవతికి. కమలమ్మ ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. నోరుమూసుకుని ఉప్పు పాకెట్ తీసుకుని వెళ్లిపోయే మనిషి కాదామె.

కమలమ్మ ఆ ఇంటి యజమానురాలు. ఆమె భర్త బాలనర్సయ్య పొలంలో కొంత అమ్మి నార్సింగిలో కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసుకున్నాడు. మిగిలిన పొలం తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు కింద పోయింది. పై వాటాలో పదకొండేళ్లుగా పుణ్యవతి, ఆమె భర్త వెంకటరామయ్య, కొడుకు బాలు ఉంటున్నారు. వెంకటరామయ్యది అవనిగడ్డ దగ్గర పల్లె. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా హైదరాబాదు వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. బాలుకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం.

ఈ పదకొండేళ్లూ పొద్దుగూకి దీపం పెట్టే వేళకు కమలమ్మ తన పీట తాను పట్టుకుని మెట్లెక్కేది. హాల్లో తలుపు పక్కన గోడకానుకుని కూర్చునేది. అక్కడ గోడ మీద ఆమె తలనూనె మరక అరచేతంత ఉంది. నిరుడు రంగులు వేయించినప్పుడు బాలు దాన్ని గీకించబోతే పుణ్యవతి వద్దంది. కమలమ్మకు కింద టీవీ లేక కాదు. ఉంది. "ఒక్కదాన్నే చూస్తే ఏముంటది అక్కా? ఆ సీరియల్‌ల అత్తను తిట్టేటందుకు తోడుండాలె" అనేది. ఇద్దరూ కలిసి ఆ అత్తను తిట్టేవాళ్లు. ఒకామె తిట్టు దివిసీమది, ఇంకొకామెది నార్సింగిది. అత్తకు మాత్రం రెండూ సమంగానే తగిలేవి.

ఆ టీవీ భాద్రపదంలో పోయింది. టప్పుమని చప్పుడు, మాడిన వాసన, తెర మధ్యలో ఒక తెల్లటి గీత. పిక్చర్ ట్యూబు పోయిందన్నాడు మెకానిక్. బాగుచేయించే బదులు కొత్తది కొనుక్కోమన్నాడు.

మామూలు రోజుల్లో అయితే మర్నాడే కొత్త టీవీ వచ్చేది. కానీ అవి మామూలు రోజులు కావు. సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూతపడ్డాయి. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. గచ్చిబౌలి దగ్గర రోడ్డు మీద జనం కూర్చుంటే బాలు ఎక్కిన ఆఫీసు కారు రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చింది. ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేయమన్నారు.

"మానిటర్ కొందాం నాన్నా. లాప్‌టాప్ తెర చిన్నది, రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోలేక చస్తున్నాను. దానికే చిన్న డబ్బా ఒకటి తగిలిస్తే కేబుల్ కూడా వస్తుంది. మీకు టీవీ, నాకు పని" అన్నాడు బాలు.

"హాల్లో పెడతావా?" అంది పుణ్యవతి.

"హాల్లో పెడితే పనెట్లా చేయనమ్మా? నా గదిలో, నా బల్ల మీద."

వెంకటరామయ్య ఒప్పుకోడనుకుంది పుణ్యవతి. ఆయనకు వార్తలు పెద్ద తెర మీద, పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని చూడాలి. ఆయన మాత్రం కాసేపు ఆలోచించి "దానికి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అనడిగాడు.

"స్పీకర్లు విడిగా కొనుక్కోవాలి. లేదంటే ఇయర్‌ఫోన్లు."

"అయితే అదే కొందాం."

ఆ 'అయితే'లో ఏముందో పుణ్యవతికి తెలుసు. సమ్మెకు నెల ముందు ఒక సాయంత్రం, వార్తల్లో ఎవరో నాయకుడు సమైక్యం సమైక్యం అని గొంతు చించుకుంటుంటే, వెంకటరామయ్య పరవశించి "అదీ మాట!" అని కుర్చీ చేతి మీద చరిచాడు. మర్నాడు పొద్దున పాలకోసం దిగితే అరుగు మీద బాలనర్సయ్య నవ్వుతూ పలకరించాడు.

"ఏం సారూ, నిన్న మీ టీవీల ఎవడో మస్తు ఒర్రుతుండె. ఏం చానెల్ అది?"

అంతే. మరో మాట లేదు. ఆ నవ్వు మంచిదో చెడ్డదో వెంకటరామయ్యకు తేలలేదు. కింద నుంచి ఉద్యమం పాటలు పైకి వినబడుతున్నాయంటే, పై మాటలు కిందికి వినబడతాయన్న సంగతి పదకొండేళ్ల తర్వాత ఆయనకు తట్టింది. ఆనాటి నుంచి టీవీ చప్పుడు తగ్గించి, దగ్గరకు చెవి పెట్టి వినడం మొదలెట్టాడు.

కొనడానికి ముగ్గురూ ఆటోలో లింగంపల్లి వెళ్లారు. షాపు సగం షట్టరు దించుకుని నడుస్తోంది. యజమాని వీరేశం నిదానస్తుడు. సరుకు అంటగట్టే రకం కాదు.

"సూడుండ్రి సారూ. టీవీ అంటే దూరంకెల్లి చూసేది. ఏ పక్క కూసున్నా బొమ్మ కనబడ్తది, పదిమంది చూడొచ్చు. కానీ దగ్గరకు పోతే అక్షరాలు చెదిరిపోతయి, మీ బాబు పనికి అక్కరకు రాదు. మానిటర్ ఉన్నది, అక్షరం సూదిమొన లెక్కుంటది. కానీ ఎదురుంగ, దగ్గర కూసోవాలె. పక్కకు జరిగితే మసక. గిప్పుడు మీరే చెప్పుండ్రి, మీ ఇంట్ల ఎట్ల కూసుంటరు?"

ఎలా కూర్చుంటారో పుణ్యవతికి కళ్లకు కట్టింది. కుర్చీలో ఆయన, చాప మీద తను, తలుపు పక్కన గోడకానుకుని కమలమ్మ. ఆ మాట నోటిదాకా వచ్చింది. 'మా ఇంట్లో ముగ్గురం దూరంగా కూర్చుంటాం బాబూ' అంటే సరిపోయేది. ఆయన ముఖం చూసి మింగేసింది.

"మానిటరే ఇవ్వండి" అన్నాడు వెంకటరామయ్య.

"స్పీకర్లు కట్టమంటరా?"

"వద్దండీ. ఇయర్‌ఫోన్లు చాలు. ఇద్దరు వినేట్టు వైరు ఏదైనా ఉంటే ఇవ్వండి."

ఉంది. ఒక కొస డబ్బాకు, రెండో వైపు రెండు పాయలు. ఆనాటి నుంచి సాయంత్రం బాలు పని ఆపినప్పుడల్లా మొగుడూ పెళ్లాలు బల్ల ముందు స్టూళ్లు వేసుకుని, చెరో పాయ చెవుల్లో పెట్టుకుని, కాడికి కట్టిన ఎడ్లజతలా కదలకుండా కూర్చునేవాళ్లు. ఒకరు దగ్గితే రెండోవాళ్ల చెవి లాగేది.

మొదటిరోజు కమలమ్మ పీట తెచ్చుకుంది. హాల్లో తన చోట కూర్చుని పాత టీవీ ఉండిన ఖాళీ బల్ల వంక చూసింది. పుణ్యవతి లేచొచ్చి బాలు గదిలోకి తీసుకెళ్లి, తన ఇయర్‌ఫోన్లు ఆమెకు పెట్టింది. రెండో పాయ వెంకటరామయ్య చెవుల్లో ఉంది, ఆడవాళ్లిద్దరికీ ఒకేసారి వినబడే దారి లేదు. వెంకటరామయ్య పక్కన అంత దగ్గరగా కూర్చోవడం కమలమ్మకు సిగ్గనిపించి నిలబడే చూసింది. సీరియల్లో అత్త ఏదో అంటే అలవాటుగా "దీని నోట్ల మన్నువడ!" అని అరిచింది. చెవులు మూసుకుని ఉండటం వల్ల ఆ కేక ఇల్లంతా మోగింది. పుణ్యవతి నవ్వింది గానీ, అత్త ఏమందో తెలియదు కదా, ఆమెతో కలిసి తిట్టలేకపోయింది.

కమలమ్మ వైర్లు పీకేసి చేతిలో పెట్టింది. "చెవుల పురుగు జొచ్చినట్టున్నది అక్కా. నాకొద్దు."

ఆ తర్వాత పైకి రాలేదు. బాలు పనిలో ఉన్నాడేమో, కరెంటు పోయిందేమో అని పుణ్యవతి రోజుకో కారణం చెప్పుకుంది. చాప పరిచేది, మళ్లీ చుట్టేసేది. ఒకరోజు చారు గిన్నె పట్టుకుని కిందికి దిగింది. కమలమ్మ తీసుకుంది, గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు పచ్చిమిరపకాయలు వేసి ఇచ్చింది. కూర్చోమనలేదు.

ఇదిగో, రెండు వారాలకు మార్తమ్మ ఈ కబురు మోసుకొచ్చింది.

ఆ మర్నాడే నార్సింగి చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. అదొక నిరసన. పొద్దున్నే కమలమ్మ పెద్ద గంటె భుజాన వేసుకుని గేటు దాటడం పుణ్యవతి పైనుంచి చూసింది. పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలో తోచలేదు.

సాయంత్రం ఏడు కావస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. కమలమ్మే. ఒక చేతిలో పీట, రెండో చేతిలో బగారా అన్నం గిన్నె. పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అక్కా, చౌరస్త కాడ టీవీవాళ్లు నా మూతి ముంగట మైకు పెట్టిన్రే! ఏడుగంటల వార్తలల్ల వేస్తరంట. జల్ది పెట్టు!"

"రండి కమలమ్మా, రండి" అంది పుణ్యవతి. పీట ఇంటికి తిరిగొచ్చింది. అది చాలు.

గదిలో బాలు పనిలో ఉన్నాడు. తల్లి ముఖం చూసి, అవతలివాళ్లకు రెండు ముక్కలు చెప్పి, కాల్ ఆపేశాడు. "పదినిమిషాలు దొరికాయి. ఏ చానెల్ ఆంటీ?" కమలమ్మ దాని పేరు చెప్పింది. అది వెంకటరామయ్య ఎప్పుడూ పెట్టని చానెల్. అప్పటికే ఆయన అలవాటు చొప్పున స్టూలు మీద కూర్చుని, ఒక పాయ చెవుల్లో పెట్టేసుకున్నాడు. బాలు మీటలు నొక్కుతూ వెతుకుతుండగానే తెర మీద చౌరస్తా ప్రత్యక్షమైంది. పొగ, బండరాళ్లు, గుండిగలు, గంటె తిప్పుతున్న కమలమ్మ.

"గదే, గదే నేను! అయ్యో, కొంగు జారిందే!" కమలమ్మ పకపకా నవ్వింది. తెర మీది కమలమ్మ మైకు వైపు తిరిగి, చేయి ఊపుతూ, గట్టిగా, ధీమాగా ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. మాట లేదు.

"చప్పుడేది?"

రెండో పాయ చిక్కుపడి బల్ల వెనక్కి జారిపోయింది. బాలు వంగి వెతికాడు. అది దొరక్క పుణ్యవతి కంగారులో డబ్బా నుంచి వైరే లాగేసింది. వైరు లాగితే చప్పుడు బయటికొస్తుందనుకుంది పాపం. ఎక్కణ్ణుంచి వస్తుంది? తెర మీద కమలమ్మ ఇంకో మాట అని, నవ్వి, మాయమైంది. ఆ చోట ఎవరో సబ్బుతో ముఖం కడుక్కుంటున్నారు.

వెంకటరామయ్య మెల్లగా చెవుల్లోవి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వింటివి గద సారూ. అంతా వేసిండ్రా? ఏం కోసెయ్యలే గద?"

ఆయన ఆమె కళ్లలోకి చూడలేక తెరకేసి చూస్తూ, ఆమె మాటను తన భాషలో అప్పజెప్పాడు.

"చివర తెగిపోయిందండీ. అంతకుముందుది విన్నాను. 'మా రాష్ట్రం మాకు కావాలి. అట్లాగని మాకు మనుషులతో పగ లేదు. మా పై ఇంట్లో ఉండేది ఆంధ్రావాళ్లే. పదకొండేళ్ల నుంచి నేను వాళ్లింట్లోనే టీవీ చూస్తాను. ఇవాళ నన్ను నేను కూడా అక్కడే కూర్చుని చూసుకుంటాను' అన్నారు."

కమలమ్మ తలూపింది. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. తెర వెనక్కి తొంగి చూసింది. డబ్బా వైపూ, పుణ్యవతి చేతిలో వేలాడుతున్న వైరు వైపూ చూసింది.

"దీనికి నోరే లేదా?"

"స్పీకర్లు విడిగా కొనాలి ఆంటీ" అన్నాడు బాలు.

"మరి కొనలేదేంది?"

బాలు తండ్రి వైపు చూశాడు. తండ్రి ఒళ్లోని వైరు చుట్టసాగాడు. ఆ చూపులు కమలమ్మ కంటపడ్డాయి. ఇక తను మాట్లాడక తప్పదనుకుంది పుణ్యవతి.

"మీకు ఇబ్బందెందుకని కమలమ్మా. కిందికి వినబడుతుంది కదా, అందుకని..."

కమలమ్మ బగారా అన్నం గిన్నె బల్ల మీద, ఆ తెర ముందు పెట్టింది. వంగి పీట తీసి చంకన పెట్టుకుంది.

"పదకొండేండ్లు ఇనబడ్డది. ఇబ్బందని నేనెన్నడన్న అన్ననా? ఇబ్బంది గాదు అక్కా. నువ్వు నాకు భయపడ్డవు."