ఐదో ప్లేటు

నేను ఒక తువ్వాలును. నీలం గళ్లదాన్ని, చేనేత మగ్గం మీద పుట్టినదాన్ని. నేసినాయన నన్ను సాఫు చేసి మడతపెడుతూ "మంచి మొహాలు తుడవాలి నువ్వు" అన్నాడు. పాపం, ఆయన దీవెన ఫలించలేదు. నేను తుడిచిన మొహాల గురించి చెప్పాలంటేనే నాకు వెగటు పుడుతుంది.

విజయనగరంలో ఆఫీసరు దివాకరం గారు నన్ను కొన్నారు. రెండేళ్లు ఆయన మెడ తుడిచాను, చంకలు తుడిచాను, పడిశం పట్టినప్పుడు ముక్కు కూడా తుడిచాను. జుట్టు రంగు మరక ఒకటి నా మూలకు అంటుకుని వదలకపోయేసరికి, ఆయన భార్య హైమవతి గారు నన్ను రెండు వేళ్లతో పట్టుకుని, ఇంట్లో అంట్లు తోమే పైడమ్మకు ఇచ్చారు. "బాగానే ఉంది, పారేయబుద్ధి కాలేదు" అన్నారు. పైడమ్మ నన్ను ఉతికి, ఎండేసి, తలకు చుట్టుకుంది. నా బతుకులో సుఖపడ్డది ఆ ఒక్క ఏడాదే.

వానలు వెలిశాక ఒక శనివారం దివాకరం గారికి పెరడు మీద ప్రేమ పుట్టింది. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. "ఈ వీకెండ్ ఫ్యామిలీ అంతా కలిసి పెరడు బాగుచేద్దాం" అని ప్రకటించారు. పెద్దమ్మాయి మూడు మొక్కలు పీకి, గోరు విరిగిందని లోపలికి పోయింది. చిన్నమ్మాయి వానపామును చూసి కెవ్వుమని పోయింది. దివాకరం గారు పారతో నాలుగు దెబ్బలు వేసి, నడుం పట్టుకుని, కుర్చీ తెప్పించుకున్నారు. ఇక అక్కణ్ణుంచి వేలితోనే తవ్వారు. రెండు రోజులూ తవ్వింది, పీకింది, మోసింది పైడమ్మ ఒక్కతే. గడ్డి కింద కుళ్లిన కొబ్బరి డొక్కలు, చచ్చిన పందికొక్కు బయటపడ్డాయి. ఆ కంపుకు తట్టుకోలేక ఆమె నన్ను ముక్కుకు కట్టుకుంది. అది కష్టమే గానీ రోత కాదు. అసలు రోత ఆదివారం సాయంత్రం మొదలైంది.

పని అయిపోగానే దివాకరం గారికి ఫొటో గుర్తొచ్చింది. పైడమ్మ దగ్గర నన్ను లాక్కుని తలకు చుట్టుకున్నారు. ఆమె చేతిలోని పార తీసుకున్నారు. "కాస్త పక్కకి జరుగు పైడమ్మా, నీ నీడ పడుతోంది" అన్నారు. నాలో ఉన్నది ఆమె చెమట. ఫొటోలో అది ఆయన నుదుటి మీద మెరిసింది. ఛీ! నన్ను మళ్లీ ఆమె మీదికి విసిరేసి, ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టి, మన పని మనం చేసుకోవడంలో తృప్తే వేరని కింద రాశారు.

మెచ్చుకోళ్లు వరసగా వచ్చేసరికి ఆయన మనసు విశాలమైంది. "రాత్రి భోజనానికి హోటల్‌కి వెళ్తున్నాం, నువ్వూ పద పైడమ్మా. నువ్వు మా ఇంట్లో మనిషివి కాదూ!" అన్నారు.

"నానొచ్చి ఏటి సేస్తాను బాబూ" అంటూనే పైడమ్మ గబగబా కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుంది. ఇంట్లో మనిషివన్న మాట పదకొండేళ్లుగా వింటోంది. అది నిజమని తేలే రోజు వచ్చిందని ఆమె ఆశ. పొద్దుటి నుంచి కడుపులో టీ తప్ప ఏమీ లేదు.

కారెక్కబోతుంటే హైమవతి గారు "సీటు మీద ఆ తువ్వాలు పరుచుకో, కవర్లు కొత్తవి" అన్నారు. పైడమ్మ పరుచుకుంది. ఆమె బరువు నాకు తెలియలేదు గానీ ఆ మాట మాత్రం గుచ్చుకుంది.

హోటల్లో ఫ్యామిలీ సెక్షన్. పైడమ్మ చేతులు కడుక్కుని, నాతో తుడుచుకుని, ఖాళీ కుర్చీ ఒకటి జరుపుకుంది. సర్వరు తలలు చూసి ఐదు ప్లేట్లు పెట్టాడు. దివాకరం గారు ఐదోదాన్ని వెనక్కి నెట్టారు.

"నాలుగు చాలయ్యా. ఆవిడ మా పనిమనిషి."

పైడమ్మ చప్పుడు కాకుండా కుర్చీని మళ్లీ లోపలికి తోసింది. వెళ్లి వాష్‌బేసిన్ పక్కనున్న స్టూలు మీద, నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముప్పావు గంట ఆ నలుగురి తిండి చూశాను. ఎముకలు జుర్రుకుని ప్లేటులోనే ఉమ్మారు. చిన్నమ్మాయి బిర్యానీలో ఐస్‌క్రీమ్ కెలికి తోసేసింది. దివాకరం గారు త్రేన్చి, అదే ప్లేటులో చెయ్యి కడిగారు. నాకు కడుపంటూ ఉంటే అక్కడే వాంతి అయ్యేది.

ఆఖర్న హైమవతి గారు మిగతా మూడు ప్లేట్లలో ఉన్నదంతా ఒక డబ్బాలోకి ఊడ్పించారు. "ఇదిగో పైడమ్మా, బోలెడుంది. ఇంటికెళ్లి హాయిగా తిను."

పైడమ్మ మూత తీసింది. కొరికి వదిలేసిన ముక్క మీద లిప్‌స్టిక్ అంటుకుని ఉంది.

"ఇది ఎంగిలమ్మా."

"మనలో మనకి ఎంగిలేమిటే? నువ్వు మా ఇంట్లో మనిషివి!"

పైడమ్మ ఆమె కళ్లలోకి చూసింది. పదకొండేళ్లలో అలా చూడటం అదే మొదలు.

"మీ ఇంట్లో మనిసినైతే ఆ కుర్సీలో కూకుందును. నాకొద్దమ్మా. రేపట్నుంచి నాను రాను, ఇంకోల్ని సూసుకోండి."

నా సంబరం చూడాలి! పద తల్లీ, నన్ను తలకు చుట్టుకో, ఈ కంపులోంచి పోదాం అనుకున్నాను. ఆమె నన్ను మడతపెట్టి, ఆ డబ్బా పక్కనే పెట్టింది.

"ఇదీ మీదే" అని వెళ్లిపోయింది.

అందరినీ అసహ్యించుకుంటున్న నాకు నేనేమిటో అప్పటికి తెలిసింది. వాళ్లు వాడి వదిలేసినదాన్నే నేనూ. ఏడాదిపాటు ఆమె ఆ ఎంగిలిని నెత్తిన పెట్టుకుంది.

నన్ను ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. సర్వరు డబ్బాను చెత్తలో పడేసి, నాతో బల్ల తుడిచాడు. ఇప్పటికీ ఇక్కడ అదే నా పని. పైడమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె చోట నేనుంటే, నేనూ నన్ను వదిలేసే వెళ్లేదాన్ని.