నాగలి తగలని నేల

గాలి జోరుగా ఉంది, ఇవాళ నిప్పు వద్దని పరాస్కా పొద్దుటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. పినతల్లి కొడుకు ఒస్తాప్ వింటేగా. అరవై దాటినా వాడికి ఆవిరియంత్రం పిచ్చి వదల్లేదు.

"బస్సులో రెండొందల కిలోమీటర్లు పడి వచ్చారక్కా. యంత్రం తిప్పకుండా పంపితే మన మొహాన ఉమ్మేస్తారు" అని, గడ్డి ఎగదోసి తాతలనాటి ఆవిరి నూర్పిడి యంత్రం ముట్టించాడు. డోలిన్‌కాలో మిగిలినవి పదకొండు ఇళ్లు. చూడ్డానికి ఎవరైనా వచ్చారంటే చాలు, ఆ ఊరికి ఒళ్లు తెలియదు.

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఈ మూలకి జనం వచ్చేదే పాత బడి ముందున్న, ఎన్నడూ నాగలి తగలని నలభై ఎకరాల గడ్డినేల కోసం. ఉక్రెయిన్ నుంచి వచ్చిన పరాస్కా తాత చుట్టుపక్కలంతా గోధుమకి దున్ని, దీని జోలికి మాత్రం పోలేదు. కరువులో కూడా పోలేదు. దాన్ని దున్ననని తండ్రి పోయేటప్పుడు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

బస్సులో వచ్చినవాళ్లలో నడవలేని పద్నాలుగు మంది ముసలివాళ్లకి ఆమె బడిలో ఆలుగడ్డ కూరిన వరెనికీలు వడ్డిస్తోంది. గడ్డినేల అవతలి అంచున యంత్రం చుట్టూ మూగినవాళ్ల చప్పట్లు వినబడుతున్నాయి. ఆ చప్పట్లు ఆగిపోయాయి. కిటికీలోంచి చూస్తే గడ్డిలో పొగ. గాలి ఇటే వీస్తోంది.

ఫోను మోగింది.

"రవ్వ పడిందక్కా. నా చేతిలో లేదు. మంట దాటకుండా బడి ముందు దున్నెయ్."

"నోరు ముయ్యి. ఫైరింజన్‌కి చెప్పావా?"

"నలభై నిమిషాలట. బస్సు డీజిలుకి పోయింది. దున్నక్కా, నీ కాళ్లు పట్టుకుంటా."

కాలిన గడ్డి వచ్చే ఏడు మళ్లీ లేస్తుంది. దున్నితే ఇక లేవదు. ఈ సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మంట సగం దూరం వచ్చేసింది. వెనక ఎవరో ముసలామె, చెంచా పట్టుకునే, "అమ్మాయ్, మేం లేవాలా?" అని అడిగింది.

"కూర్చోండమ్మా, తినండి" అంది పరాస్కా. పరుగెత్తి బడి పక్కనున్న తన ట్రాక్టరెక్కింది. ఏడుస్తూనే నాగలి దించింది.

బడి ముందు అడ్డంగా ఆరు చాళ్లు వేసింది. ఆఖరి చాలు తిరిగేసరికి వేడికి కనుబొమలు మాడాయి. మంట నల్లమట్టి దాకా వచ్చి, దాటలేక చచ్చింది.

ఒస్తాప్ రొప్పుతూ వచ్చేసరికి ఆమె చాలులో మోకాళ్ల మీద కూర్చుని, తిరగబడ్డ గడ్డిపెళ్లలు ఒక్కొక్కటే ఎత్తి, వేళ్లు కిందికి వచ్చేలా మళ్లీ పెడుతోంది.

"అతుక్కోదక్కా."

"తెలుసు. నువ్వు ఆ చివర్నుంచి రా."

వాడు టోపీ తీసి పక్కన పెట్టి, ఆ చివర కూర్చున్నాడు.