రెండువందల ఎనభైమూడు చుట్లు

హలో, వినబడుతోందా అన్నలూ అక్కలూ, జర పక్కనున్న టీవీ ఆపి వినండి, ఇది పంతొమ్మిదివందల అరవైరెండు నాటి ముచ్చట, రామన్నపేటలో జీపులు బాగుచేసే సిద్దయ్య మిస్త్రీది, ఆ మధ్యాహ్నం అతని బుర్రలో ఏది ఎట్లా తిరిగిందో అట్లాగే చెప్తున్నాను.

ఐదుంబావు చుట్లు దాటింది, ఐదున్నరకు రాలేదు, అంటే ఈ ఇరుసులోది పెద్ద పళ్ళచక్రమే అనుకున్నాడు సిద్దయ్య, తన జీపుకు బిగించమని ఆ పాత ఇరుసు కొనితెచ్చిన కంట్రాక్టరు వెంకటరాజం అటు చక్రం పట్టుకుని, ఇటు చక్రం తను పట్టుకుని కలిపి ఒక్క చుట్టు తిప్పితే ముందున్న పినియన్, అదే చిన్న పళ్ళచక్రం, దాని మీది సుద్దగీత ఐదు చుట్లు తిరిగి ఇంకా కాస్త పోయింది, పాత మిలిటరీ ఇరుసైతే ఐదు కూడా నిండవు, అయినా మూత విప్పి క్రౌన్ అనే పెద్ద చక్రం పళ్ళు లెక్కపెట్టాడు, పోచంపల్లి మగ్గం మీద పోగులు లెక్కపెట్టిన వేళ్ళు కదా, నలభైమూడు, పాతదానికి ముప్పైతొమ్మిదే, బండల బరువు లాగాలంటే ఇదే కావాలి, ముందు ఇరుసు కూడా దీని జతదే తెచ్చాడు కాబట్టి నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి కొట్లాడవు, అంతా బాగానే ఉంది, ఒక్క పన్ను కొస మాత్రం విరిగి ఉంది, గా పన్నుకేమైంది మిస్త్రీ, ఏమో సేటు, ఎన్నడో ఇరిగింది, కొత్త క్రౌన్ దొరికేదాక మెల్లగ పోవాలె, మెల్లగనా, గుట్టకు బండలకు పోయెటోనికి మెల్లగేంది, మా అవ్వకు నోట్లె ఒక్క పన్ను లేదు, మక్క కంకులు బుక్కుతాంది, బిగియ్యి నువ్వు.

బిగించడానికి రెండు రోజులు పట్టింది, మూడో రోజు మధ్యాహ్నం వెంకటరాజం జీపెక్కి షెడ్డు దాటాడు, గాలి లేదు, ఎండకు బజారంతా తలుపులు వేసుకుంది, జీపు మెల్లగా పోతుంటే సన్నటి మూలుగు, దాని మధ్య చక్రం చుట్టుకొక్కసారి టక్, టక్, విరిగిన పన్నే అనుకుంటూనే సిద్దయ్య ఆగిపోయాడు, ఎందుకంటే తన నాలుక పదిహేడు, పద్దెనిమిది అని లెక్కపెడుతోంది, లెక్కపెట్టమని దానికెవరూ చెప్పలేదు, ముక్కులో నూలుకు పెట్టే గంజి వాసన, ఇక్కడ గంజి ఎక్కడిది, అది మగ్గం గుంటలోది, పద్నాలుగేళ్ళ కిందటి, రైతుల పోరాటం నాటి మధ్యాహ్నానిది, అన్న బిక్షం తనను గుంటలోకి తోసి మీద నూలు కప్పి, మెదలకురా, ఊపిరి గూడ తియ్యకు అన్నాడు, గడపలో తుపాకులవాళ్ళు, సిద్దయ్య ఎవడ్రా, సంఘం కాగితాలు పంచింది ఎవడ్రా, పంచింది తను, గుంటలో ఉన్నది తను, నేనే సిద్దయ్యను సారూ అన్నది అన్న గొంతు.

నూటపది, నూటపదకొండు, ఊళ్ళో మగ్గాలన్నీ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో అన్నను ఎక్కించుకున్న జీపు ఇదే మూలుగుతో, ఇదే టక్ టక్‌తో దూరమైంది, ఇదే ఇరుసో, ఇట్లాంటి పన్నే విరిగిన ఇంకో ఇరుసో, ఆనాడు భయానికి పోగులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు, ఇప్పుడూ ఆపలేకపోతున్నాడు, రెండువందల ఎనభైరెండు, ఎనభైమూడు, వెంకటరాజం జీపు ఆగలేదు, పోతూనే ఉంది, నాలుక మాత్రం ఆగిపోయింది, ఆనాడు జీపు ఆగింది ఆ లెక్క దగ్గరే కదా, ఇంజిను నడుస్తూనే ఉంది, రాయి మీద రాయి పడ్డ చప్పుడు చాలాసేపు, ఇసుకలో దిగబడ్డ చక్రం కింద రాళ్ళు పెడుతున్నారనుకున్నాడు, పెద్ద రోడ్డు దగ్గర ఆగిండ్రే అమ్మా, పట్నం జైలుకే తోల్కపోయిండ్రు అని అమ్మ ఆండాళుకు చెప్పింది తనే, అప్పటినుంచి జైలు నుంచి ఎవరు విడుదలైనా అమ్మ వాళ్ళ ఇంటికి పోతుంది, మా బిక్షాన్ని సూసినవా కొడుకా.

జీపు చక్రం ఒక్క చుట్టుకు ఏడడుగులు, ఆనాడు తెలియదు, ఇప్పుడు తెలుసు, రెండువందల ఎనభైమూడు చుట్లకు దగ్గర దగ్గర రెండు వేల అడుగులు, మూడు ఫర్లాంగులు, పెద్ద రోడ్డేమో మైలు పైనే, పోచంపల్లి ఇంటి నుంచి మూడు ఫర్లాంగుల దగ్గర ఏముంది, ఇసుక లేదు, అదంతా గట్టి మొరం నేల, చక్రం దిగబడే నేలే కాదు, అక్కడున్నది పాడుబడ్డ సున్నం బట్టీ ఒక్కటే, ఆ సంవత్సరమే దాని మూతికి ఎవరో బండరాళ్ళు పేర్చారు, ఎవరు పేర్చారని ఎవరూ అడగలేదు, ఆ రాళ్ళ మీద ఎండ బాగా పడుతుందని అన్న భార్య లీలమ్మ, నుదుట ఇంతంత బొట్టుతో, రంగువేసిన నూలు రోజూ అక్కడే ఆరబెడుతుంది, మీ అన్న వచ్చేసరికి ఇంకో చీర దింపాలె మరిదీ అంటుంది, జీపు చప్పుడు ఇక వినపడటం లేదు, అన్న ఏ జైలుకూ పోలేదు, పద్నాలుగేళ్ళుగా వదిన చేతుల కిందే ఉన్నాడు, ఆ మాట ఆమెకు చెప్పవలసింది గుంటలో దాక్కున్న తనే.

మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా తిరిగిరాని మనిషి కోసం ఇంకా ఎదురుచూస్తుంటే, ఈ కథ వాళ్ళకు పంపండి, లేకపోతే పక్కన కూర్చుని మీరే వినిపించండి, ఉంటాను మరి.